నేపాల్ వెళ్ళేవారికి కొన్ని మాటలు



2024 నవంబరులో మా సంఘం నుండి పదకొండుమందిమి నేపాల్ వెళ్ళివచ్చాము. ఆ సంగతి తెలిసినప్పటి నుండి చుట్టుపక్కల గ్రామాల విశ్వాసులు "అయ్యగారూ, ఎలా వెళ్ళాలి? పాస్‌పోర్టు కావాలా? అన్నం దొరుకుతుందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఇక్కడ వ్రాయడం మంచిదనిపించింది. మా పొరపాట్లు కూడా దాచకుండా వ్రాస్తున్నాము.

నేపాల్ చూడటానికి మన దేశంలాగే ఉంటుంది. హిందీ మాట్లాడితే అర్థం చేసుకుంటారు, పప్పూ అన్నం పెడతారు, వీసా అడగరు. అందువల్ల పక్క జిల్లాకు వెళ్ళినట్టే బయలుదేరుతాము. మేమూ అలాగే బయలుదేరాము.

1950లో రెండు దేశాల మధ్య జరిగిన ఒప్పందం మూలంగా మనవారికి వీసా అవసరం లేదు. అయితే విమానంలో వెళ్ళేవారికి పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ కార్డు 15 ఏళ్ళలోపు పిల్లలకు, 65 ఏళ్ళు దాటినవారికి మాత్రమే చెల్లుతుంది. మోకాళ్ళ నొప్పులున్న నలుగురు పెద్దలకు మేము విమానం టికెట్లు తీశాము. వారిలో ఒక సంఘ పెద్దకు 62 ఏళ్ళు. ఆయన ఆధార్ ఒక్కటే తెచ్చుకున్నారు. ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. కొడుకు ఇల్లంతా వెదికి, పాత ఓటరు కార్డు జిరాక్సు ఒకటి దొరికితే ఫోనులో ఫొటో తీసి పంపాడు. అసలు కార్డే చూపాలన్నారు. రెండేళ్ళుగా కోళ్ళు అమ్మి కూడబెట్టిన డబ్బు అది. ఆయన ఏమీ అనలేదు. ఖాట్మండు పాస్టరుగారి కోసం ఇంట్లో చేయించి తెచ్చిన కజ్జికాయల డబ్బా మా చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుండిపోయారు. బయలుదేరకముందు ఒక్క సాయంత్రం అందరి కార్డులూ బల్లమీద పెట్టించి చూసి ఉంటే సరిపోయేది. ఆ పని మాది, మేము చేయలేదు.

తక్కినవారు రైలులో వచ్చారు. విజయవాడ, వరంగల్లు మీదుగా గోరఖ్‌పూర్ వెళ్ళే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. వారానికి కొన్ని రోజులే నడుస్తుంది గనుక ముందే చూసుకోవాలి. గోరఖ్‌పూర్ నుండి సోనౌలీ సరిహద్దు సుమారు 100 కిలోమీటర్లు, బస్సులు ఉంటాయి. సరిహద్దు గేటు నడిచి దాటితే అవతల భైరహవా, అక్కడనుండి ఖాట్మండుకు బస్సు. రోడ్డున వచ్చేవారు కూడా పాస్‌పోర్టో ఓటరు కార్డో దగ్గర ఉంచుకోవాలి. సొంత జీపులో వెళ్ళేవారు సరిహద్దులో భన్సార్ అనే సుంకం చెల్లించి, ఎన్నాళ్ళుంటారో అన్నాళ్ళకు చీటీ తీసుకోవాలి. కొండదారిలో పగటి బస్సే ఎక్కండి. వర్షాకాలంలో, అంటే జూన్ నుండి సెప్టెంబరు వరకు, అసలు వెళ్ళవద్దని మా సలహా. 2024 జూలై 12న ఆ దారిలోనే, నారాయణగఢ్ ముగ్లింగ్ మధ్య, కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. వాటిలో అరవైమందికి పైగా ప్రయాణికులు ఉన్నారు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది, మంచుకొండలు కనబడతాయి. చలి మాత్రం మన సంక్రాంతి చలి కాదు. ఖాట్మండు సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉంది. ఉన్ని చొక్కా, మేజోళ్ళు, మంకీ టోపీ తప్పనిసరి.

గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. మాలో ఇద్దరు తిప్పుకోక బస్సు తప్పిపోయారు. డబ్బు లెక్క సులువే: మన 100 రూపాయలకు వారి 160. ఈ లెక్క 1993 నుండి మారలేదు. పెద్ద నోట్ల విషయంలో జాగ్రత్త. 2018 డిసెంబరులో మన 200, 500, 2,000 రూపాయల నోట్లను అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఆ నియమాలను తరువాత సడలిస్తూ మారుస్తూ వచ్చారు గనుక, 100 రూపాయల నోట్లు తీసుకెళ్తే ఏ చిక్కూ ఉండదు. మన ఫోను సిమ్ము రోమింగ్ లేకుండా అక్కడ పనిచేయదు. గుర్తింపు కార్డు, ఒక ఫొటో ఇస్తే అక్కడి సిమ్ము ఇస్తారు.

భోజనం గురించి దిగులు వద్దు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, కూర, కొంచెం పచ్చడి. మారు వడ్డిస్తారు. కారం చాలదు, ఒక చిన్న ఆవకాయ సీసా ఉంటే ప్రాణానికి హాయి. మోమోలు అని ఆవిరి కుడుముల వంటివి అమ్ముతారు. బఫ్ అని ఉంటే గేదె మాంసమని గ్రహించండి. ఆవు వారి జాతీయ జంతువు, గోవధ అక్కడ నేరం. హోటల్లో ఆ మాంసం కోసం అడగవద్దు. కాచిన నీళ్ళు గానీ, మూత తీయని సీసా నీళ్ళు గానీ త్రాగండి. దుకాణదారుని "దాయి" అనీ, ఆమెను "దిదీ" అనీ పిలిస్తే సంతోషిస్తారు. అన్నయ్యా, అక్కా అన్నమాట.

అక్కడ వారపు సెలవు శనివారం. కాబట్టి సంఘాలు కూడుకునేది కూడా శనివారమే. ఆదివారం ఉదయం తయారై వెళ్తే మందిరం తాళం వేసి ఉంటుంది. చెప్పులు బయట విడిచి, చాపలమీద కూర్చుంటారు, "జయ మసీహ్" అని పలుకరిస్తారు. 2015 ఏప్రిల్ 25న వచ్చిన పెద్ద భూకంపం కూడా శనివారం, మధ్యాహ్నం పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు వచ్చింది. సుమారు తొమ్మిది వేలమంది చనిపోయారు. ఆ గడియలో అనేక సంఘాలవారు ఇంకా ఆరాధనలోనే ఉన్నారు. మందిరాల కప్పులు వారిమీదనే కూలాయి. మేము వెళ్ళిన మందిరంలో ఒక తల్లి, ఏ స్తంభం దగ్గర తన చెల్లెలు కూర్చునేదో చూపించింది.

ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుపడే సంగతి. మా యవ్వనస్థులు హిందీ కరపత్రాలు రెండు కట్టలు సంచిలో పెట్టుకున్నారు. అది మాకు తెలుసు, ఉత్సాహం గదా అని ఊరుకున్నాము. బసలో సంచి తెరిచినప్పుడు అక్కడి పాస్టరుగారు చూశారు. ఆయన ముఖం మారిపోయింది. "మీరు నాలుగు రోజుల్లో వెళ్ళిపోతారు. మేము ఇక్కడే ఉండాలి" అన్నారు, అంతే. 2015 నాటి రాజ్యాంగంలోని 26వ అధికరణం ఒకరిని మరొక మతంలోకి మార్చడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టులో అమలులోకి వచ్చిన నేర చట్టం ప్రకారం దానికి 5 ఏళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష తరువాత దేశం నుండి పంపివేస్తారు. ఆరాధనలో పాల్గొనడం తప్పు కాదు, మన బైబిలు మన చేతిలో ఉండవచ్చు. కరపత్రాలు పంచడం, బజారులో ప్రసంగించడం మాత్రం వద్దు. మన పేరున వచ్చే కేసు మనకు చోటిచ్చినవారి ఇంటిమీద పడుతుంది. ఆ రెండు కట్టలూ ఆ రాత్రే పొయ్యిలో వేశాము.

తిరుగు ప్రయాణంలో పెద్దలను మా శ్రీమతి తోడుగా విమానం ఎక్కించి, మేము కుర్రవాళ్ళతో రోడ్డున వచ్చాము. సోనౌలీకి ఇవతల నౌతన్వా అనే చిన్న రైలు స్టేషను ఉంది. నేపాల్ తలుపులు మూసి ఉన్న రోజుల్లో లిల్లీ ఓహాన్లన్ అనే డాక్టరమ్మ, హిల్డా స్టీల్ అనే ఆమె ఆ ఊరిలో సరిహద్దు దాటివచ్చే రోగులకు మందులిస్తూ ఏళ్ళ తరబడి కనిపెట్టుకొని ఉన్నారు. 1952లో అనుమతి దొరికాక పోఖరా వరకు నడిచి వెళ్ళి వైద్యశాల పెట్టారు. అదే పోఖరాకు ఈనాడు బస్సులో పోయి, సరస్సు ఒడ్డున టీ త్రాగుతూ మచ్ఛపుచ్ఛ్రె శిఖరం చూస్తున్నాము.

మేము వచ్చిన తరువాత, 2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో ఖాట్మండులో యువజనుల ఆందోళన చెలరేగి, విమానాశ్రయం మూతపడింది. అక్కడ చిక్కుకున్న తెలుగువారిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో తీసుకురావలసి వచ్చింది. అందుచేత బస చేసే చోటు పేరు, ఫోను నంబరు ఇంట్లో వ్రాసి ఇచ్చి వెళ్ళండి. ఖాట్మండు లైన్‌చౌర్‌లోని మన రాయబార కార్యాలయం నంబరు ఒక కాగితంమీద వ్రాసి జేబులో ఉంచుకోండి, ఫోను పోయినా కాగితం ఉంటుంది.

ఢిల్లీ నుండి తిరిగివచ్చిన ఆ పెద్దాయనకు ఓటరు కార్డు దొరికింది. ట్రంకుపెట్టె అడుగున, పెండ్లి ఫొటోల క్రింద ఉందట. ఈసారి విమానం వద్దు, కుర్రవాళ్ళతో రైలులోనే వస్తానంటున్నారు.