ఒకటి మీద ఆగడం

ఉద్యోగ విరమణ తరువాత జగిత్యాలలో పద్యాలతో పొద్దుపుచ్చుతున్న నాకు, కోరుట్లలో ఉండే మనుమరాలు మొన్న ఒక కొత్త పాఠం చెప్పింది. క్యూబాలో పుట్టిన రుంబా అనే జంటనృత్యాన్ని ఆమె నేర్చుకుంటున్నది.

దాని సంగీతం విలంబగతిలో సాగుతుంది. నాలుగు మాత్రల ఆవర్తాలు నిమిషానికి 25 నుండి 27 మాత్రమే. విచిత్రమేమనగా, మొదటి మాత్ర మీద అడుగు పడదు. రెండు, మూడు, నాలుగు మీద పాదాలు కదులుతాయి. మళ్ళీ వచ్చే ఒకటి మీద బరువు ఆ పాదంపై కుదురుకొంటుంది. నడుము ఊపు తెచ్చిపెట్టుకొనేది కాదు. బరువు మోసే మోకాలు నిటారు కాగా దానంతట అదే కలుగుతుంది. భుజాలు నిశ్చలంగా ఉండాలి.

"తాతా, అమ్మమ్మ చెయ్యి పట్టుకో" అన్నది. నేను ప్రతిసారీ ఒకటి మీదనే ముందుకు దూకాను. సిరిసిల్లలో చిన్ననాటి నుండి బతుకమ్మ చుట్టూ వంగి లేచి చప్పట్లు చరిచిన మా ఆవిడకు నాలుగు సార్లకే పట్టుబడింది. "మీరెప్పుడూ గింతేనాయె! అంగడికి పోయినా నాకంటే పదడుగులు ముందే" అని నవ్వింది. 40 ఏళ్ళుగా ఆమె మనసులో ఉన్న మాట అది. నాకు నవ్వు రాలేదు.

సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామమనీ, తెలుగులో అక్షరమైత్రి అనీ తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆగడం మాత్రం నేను నేర్వలేదు.

నిన్న అంగడికి పోతూ వీధి మలుపులో నిలబడ్డాను. ఆమె వచ్చి, "ఏమైంది, మోకాలు నొస్తున్నదా?" అని అడిగింది. కాదన్నాను.