రాత్రిపూట వాదులాడే ఆకులు

ఆగస్టు నెలలో ఒక రాత్రి మీరు అమెరికా తూర్పు భాగాన, ఓక్ చెట్ల అడవిలో నిలబడ్డారనుకోండి. చీకటి పడగానే మీ తలపైన తగవు మొదలవుతుంది. "కేటీ డిడ్!" అంటుంది ఒక చెట్టు. "కేటీ డిడింట్!" అంటుంది మరొకటి. అంటే, "కేటీ చేసింది!", "కేటీ చెయ్యలేదు!" అని. ఎవరా కేటీ? ఏం చేసింది? ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి దాటినా ఆ తగవు తెగదు.

దీపం పట్టుకుని కొమ్మలన్నీ వెతకండి. మీకు ఆకులే కనిపిస్తాయి. నిజానికి వాటిలో ఒకటి ఆకు కాదు, మిడతలాంటి పురుగు! దాని కూతను బట్టే అక్కడివాళ్ళు దానికి "కేటీడిడ్" అని పేరు పెట్టారు. 1775లో ఫాబ్రిసియస్ అనే శాస్త్రజ్ఞుడు దానికి పెట్టిన పేరుకు "కమీలియా ఆకు వంటిది" అని అర్థం.

దాని పొడవు సుమారు రెండంగుళాలు. పచ్చని రెక్కలు దొప్పల్లాగా వంగి ఒంటిని కప్పుతాయి. వాటిమీద ఆకుకు ఉన్నట్టే ఈనెలుంటాయి. మిడత మీసాలు పొట్టివి. దీని మీసాలు ఒంటికన్నా పొడుగు. మరి చెవులెక్కడ? ముందుకాళ్ళకు, మోకాళ్ళ కింద!

ఇది నోటితో కూయదు. మగపురుగు ఎడమ రెక్క అడుగున, ఆకురాయికి ఉన్నట్టు, సన్నని పళ్ళ వరస ఉంటుంది. కుడి రెక్క అంచు దానికి రాసుకుంటే చప్పుడు పుడుతుంది. చలి పెరిగిన కొద్దీ కూత మందగిస్తుంది. మనకు జిల్లా జిల్లాకూ యాస మారినట్టే, ఉత్తరాన నిదానంగా రెండు మూడు ముక్కలు కూసే ఈ పురుగు, ఆగ్నేయ రాష్ట్రాలలో ఇంకా ఎక్కువ ముక్కలు గబగబా కూస్తుంది.

న్యూయార్క్ నుంచి ఫ్లారిడా దాకా, పడమట టెక్సస్ తూర్పు భాగం దాకా ఈ కూత వినిపిస్తుంది. ఇంత దూరం వ్యాపించినా దీనికి ఎగరటం చేతకాదు! రెక్కలు చాపి చెట్టుమీది నుంచి కిందికి దిగగలదు, అంతే. మళ్ళీ పైకి నడిచి ఎక్కవలసిందే. అందుచేత చెట్లు కొట్టేస్తే, ఇది ఎగిరి మరొక అడవికి పోలేదు. చెట్లతోపాటే ఆ తగవూ ఆగిపోతుంది.

దీని చుట్టాలు మన దేశంలోనూ ఉన్నాయి. వానాకాలం రాత్రి మీ ఇంటి దీపం దగ్గర ఆకులాంటి పచ్చపురుగు వాలితే చంపకండి. ముందు మీసాలు చూడండి. ఒంటికన్నా పొడుగ్గా ఉన్నాయా? అయితే, కేటీ బంధువు మీ ఇంటికి వచ్చిందన్నమాట!