మా పేట కతలు – 14: ఓడెక్కినోడి కాగితం

మా నాయనమ్మ ఎవరైనా చాలాకాలం కనబడకపోతే "ఓడెక్కీసినాడు" అనేది. మేక తప్పిపోయినా అదే మాట. ఆ మాట వెనక నిజంగా ఒక ఓడ ఉందని డిగ్రీకొచ్చేదాకా నాకు తెలీదు. మా ముత్తాత తమ్ముడు, సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాడు, కరువు రోజుల్లో మద్రాసు దాకా పోయి నేటాల్ ఓడ ఎక్కాడట. "ఉత్తరం ముక్క రాలేదురా నాయనా. రాయడానికి ఆడికి సదువొచ్చా, సదవడానికి మనకొచ్చా?" అనేది.

అప్పన్న పేరు పెట్టుకున్నాడు గానీ అప్పన్న గుళ్ళోకి పోలేడు. ఆ సంగతి వేరే కతలో రాశాను.

పోయిన నెల డర్బన్ నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. లా చదువుతోంది. తెలుగు రాదు. నా పాత పోస్టు ఒకటి అనువాదం పెట్టుకుని చదివిందట. పాత రిజిస్టరు పేజీ ఫోటో ఒకటి పంపి, అందులో ఒక వరుస చుట్టూ ఎర్రగీత గీసింది. "ఇది మా తాతగారి తాత. ఈయన ఊరు ఎక్కడుందో కనుక్కోగలవా, అన్నా?" 'అన్నా' ఒక్కటే తెలుగు.

ఆ కాగితం గురించి కొంచెం చెప్పాలి. మద్రాసు నుంచి కూలీలను తీసుకుపోయిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్ చెరకు తోటలకీ, గనులకీ, రైల్వే పనులకీ మన దేశం నుంచి 1,52,184 మందిని తీసుకుపోయారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. ప్రతి మనిషికీ ఒక నెంబరు. నెంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు. ఈ జాబితాలను అక్కడి పరిశోధకులు ఏళ్ళ తరబడి కూర్చుని కంప్యూటర్‌కి ఎక్కించారు. సురేంద్ర భానా అనే చరిత్రకారుడు 1991లో వాటి ఆధారంగానే ఒక పుస్తకం రాశాడు. ఇవాళ ఫోన్‌లో పేరు కొట్టి వెతకొచ్చు.

కానీ పేరు కొడితే దొరకదు. మనవాళ్ళు నోటితో చెప్పింది గుమస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. అప్పలస్వామి ఒక్కడే నాలుగు రకాలుగా ఉంటాడు. ఆ అమ్మాయి పంపిన ఊరి పేరు నేను పదిసార్లు పైకి చదివినా అందలేదు. అప్పుడు ముందు నెంబర్లూ తర్వాత నెంబర్లూ తీసి చూశాను. ఒక ఊరివాళ్ళు కలిసి బయల్దేరతారు కదా, వరసగా నిలబడతారు కదా. అదే తాలూకా నుంచి ఇంకో ఇద్దరున్నారు, ఒక్కొక్కరి దగ్గర ఊరి పేరు ఒక్కో తీరుగా ఉంది. మూడూ కలిపి మా పెదనాన్నకి వినిపిస్తే వెంటనే చెప్పేశాడు. ఇప్పటి విజయనగరం జిల్లాలో ఊరు. మాకు బస్సులో రెండు గంటలు.

ఊరు దొరికిన ఆనందంలో ఆ వరస మొత్తం మళ్ళీ చదివాను. కులం గడి దగ్గర ఆగిపోయాను. అక్కడ 'మాల' అని ఉంది. ఆ అమ్మాయి ఇంటిపేరు నాయుడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ మీకొక పోలిక చెప్పాలి. అమెరికా వాళ్ళు ముత్తాతలను వెతకాలంటే పౌరసత్వ కాగితాలు తిరగేస్తారు. 1906 తర్వాతి అర్జీల్లో ఎత్తు, ఒంటి రంగు, మచ్చలు కూడా రాసేవాళ్ళు. తెల్లవాళ్ళకీ, 1870 నుంచి ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే ఆ పౌరసత్వం ఇస్తామన్నది అప్పటి చట్టం. భగత్ సింగ్ థింద్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఆయన కేసు సుప్రీంకోర్టుకి పోయింది. ఆయన తరఫు వాదన ఏమిటో తెలుసా? పెద్దకులం వాడిని, ఆర్య రక్తం, కాబట్టి తెల్లవాడినే అని. మీరు నల్లవాళ్ళతో పెళ్ళి సంబంధం ఎలా కలుపుకోరో మా దేశపు ఆదివాసులతో మేమూ అలాగే కలుపుకోం అని కూడా రాసిచ్చారు. 1923లో కోర్టు కొట్టేసింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనదేశం వాళ్ళకి కూడా దాన్ని రద్దు చేయడం మొదలుపెట్టారు. 1946లో చట్టం మారేదాకా ఆ తలుపు మూసే ఉంది.

అక్కడ కులాన్ని పత్రంలా చూపించి లోపలికి పోదామనుకున్నారు. ఇక్కడ కులాన్ని గుమస్తా అడిగి రాసుకున్నాడు. నేటాల్ పోయినవాళ్ళకి పౌరసత్వ కాగితం ఎవరూ ఇవ్వలేదు. అయిదేళ్ళ ఒప్పందం తీరాక కూడా అక్కడే ఉండాలంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. 1914 దాకా తీయలేదు. అక్కడ పుట్టి పెరిగిన మనవళ్ళను కూడా దేశంలో శాశ్వత జనాభాగా ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లో. అంటే ఆ ఓడ జాబితా తప్ప వాళ్ళ పూర్వీకుడికి సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యంలో ఈ గడి ఉంది.

రెండు రోజులు జవాబు రాయలేదు. నిజం చెప్తున్నాను, భయపడ్డాను. సముద్రం దాటి, మారు పేరు పెట్టుకుని, ఆ గడిని వదిలించుకున్నాడు ఒక మనిషి. నాలుగు తరాల తర్వాత దాన్ని తీసుకొచ్చి ఆయన మనవరాలి చేతిలో పెట్టడానికి నేనెవర్ని? మళ్ళీ అనిపించింది: దాస్తే ఆ పిల్ల ఆ ఊరు వస్తుంది. బస్సు దిగి పెద్ద వీధిలోకి పోయి, మా తాత ఇల్లేదని అడుగుతుంది. "మీరేవుట్లు?" అని వాళ్ళడుగుతారు. ఆ ప్రశ్న ఆమె మొదటిసారి వాళ్ళ నోట వినకూడదు.

రాసేశాను. "చెల్లీ, ఊరు దొరికింది. ప్రతి ఊరూ రెండుగా ఉంటుంది. మీ తాతది ఊరు కాదు, పేట. మాదీ పేటే." మాల అంటే ఏమిటో, అంబేడ్కర్ ఎవరో, ఎందుకు దాచుకుంటారో, ఎందుకు దాచుకోనక్కర్లేదో రాశాను. చాలా పొడుగైంది.

మూడో రోజు జవాబొచ్చింది. వాళ్ళ నాన్నని అడిగిందట. ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "మా తాత చెప్పొద్దన్నాడు" అన్నాడట. అంతే.

అంటే వాళ్ళు మర్చిపోలేదు. ఒకరి చెవిలోంచి ఇంకొకరి చెవిలోకి, చెప్పొద్దు అనే మాటతో కలిపి దాన్ని మోసుకొచ్చారు. డిసెంబర్‌లో వస్తానంటోంది. పేటకే వస్తానంది.

ఇక మా అప్పన్న. ఆ రాత్రే వెతికాను. మా తాలూకా నుంచి అదే పేరుతో, అదే కులంతో ముగ్గురు దొరికారు. ఒకడికి ఎడమ కాలిమీద కాలిన మచ్చ. ఒకడికి చెవి కుట్టి ఉంది. ఒకడికి మచ్చలేమీ రాయలేదు. ముగ్గురిలో మావాడు ఎవడో చెప్పాలంటే నాయనమ్మని అడగాలి. అప్పన్నకి కాలు కాలిందా అని. నాయనమ్మ పోయి పదకొండేళ్ళు. ఆవిడ బతికున్నప్పుడు నాకు ఉద్యమాలూ మీటింగులూ తప్ప ఇంకోటి పట్టలేదు. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగలేదు.

తెలంగాణలో మాదిగలకి వంశం చెప్పడానికి డక్కలి వాళ్ళున్నారు. మా గడపకి అలాంటి వాళ్ళెవరూ రాలేదు. మాకు ముసలమ్మలే రిజిస్టర్లు.

కాబట్టి హాస్టళ్ళలో ఉండి ఇది చదువుతున్న పిల్లలూ, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దామె పక్కన కూర్చోండి. మన ఇంట్లోంచి ఓడెక్కిందెవరు? నేటాలా, మారిషసా, ఫిజీయా, రంగమా? తండ్రి పేరేంటి? ఒంటిమీద మచ్చ ఏముండేది? ఫోన్‌లో రికార్డు చేసుకోండి. జాబితా ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది కూడా ఉంటుంది. ఆమె ఉంటుందని నేను చెప్పలేను.

జై భీమ్.

(మిగతాది వచ్చే ఆదివారం)