రెండు కొలువుల పెద్దమనుష్యులు

ఒకే అంగడివీథిలో ఎదురెదురుగా వర్తకము చేయు రెండు దుకాణములకును ఒక్కడే ఆలోచన చెప్పువాడై కూర్చుండుట తగునా యని యెవరి నడిగినను తగదనియే చెప్పుదురు. ఆ దుకాణములే పెద్దవై, కంపెనీలను పేరు దాల్చి, కూర్చుండువాడు లోకప్రసిద్ధుడైనప్పుడు మాత్రము మన తీర్పు సడలును. అంతటివాడు అట్టి పని చేయునా యని మనమే వాని పక్షమున వాదింతుము.

మన భాషలో శల్యసారథ్యమను మాట యున్నది. ధర్మరాజునకు ముందే మాట యిచ్చి, కర్ణుని రథము తోలుచు, కర్ణుని ధైర్యమును చెడగొట్టిన శల్యుని కథ మన చదువరు లెరిగినదే. ఇరువురు రాజులయొద్దను జీతము పుచ్చుకొను గూఢచారులకు కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఉభయవేతనులని పేరు పెట్టెను. వారి యాలుబిడ్డలను రాజు తన యధీనమున ఉంచుకొనవలెనని కూడ విధించెను! కాని యీ రెండు ఉదాహరణములును మన విషయమునకు సరిగా పొసగవు. శల్యుడు తెలిసి ద్రోహము చేసెను. గూఢచారి ద్రోహమునకే నియుక్తుడు. మేము చెప్పబోవువారు రహస్యము దొంగిలించిరని యెన్నడును రుజువు కాలేదు. చిక్కంతయు అందే యున్నది.

అమెరికాలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1912, 1913 సంవత్సరములలో పూజో అను ప్రతినిధి అధ్యక్షతను చట్టసభవారి సంఘమొకటి ధనికుల వ్యవహారములను విచారించి, న్యూయార్కులోని అయిదు ధనసంస్థలవారు 112 కంపెనీలలో 341 డైరెక్టరు పదవులను చేతబట్టుకొని యున్నారని లెక్క తేల్చెను. దేశము కలవరపడెను. 1914లో క్లేటన్ చట్టము పుట్టెను. దాని 8వ సెక్షను ననుసరించి, పరస్పరము పోటీపడు రెండు పెద్ద కంపెనీల బోర్డులలో ఒకే మనుష్యుడు ఉండరాదు. పోటీ స్వల్పమైనచో మినహాయింపు కలదు. వాడు మోసము చేసెనా లేదా యని మాత్రము ఆ చట్టము అడుగదు. కూర్చుండుటయే నిషిద్ధము.

ఇది అవమానకరమని కొందరందురు. మా ఉపాధ్యాయవృత్తిలో ఇట్టి నియమమే యున్నది. దగ్గరి చుట్టము పరీక్షకు కూర్చుండునెడల ప్రశ్నపత్రము కూర్చు పని మాకు లేదు. ఆ సంగతి మేమే ముందుగా వ్రాసి యియ్యవలెను. దానివలన మా నిజాయితీకి మచ్చ వచ్చినదని ఏ పంతులును ఏడ్వగా మేము చూడలేదు.

ఇక ప్రస్తుతవిషయము. గూగుల్ సంస్థకు ముఖ్యాధికారిగా నుండిన ఎరిక్ ష్మిట్ 2006 ఆగస్టులో ఆపిల్ కంపెనీ బోర్డులో చేరెను. నాడు ఒకరిది ఇంటర్నెట్టులో వెదకిపెట్టు పని, వేరొకరిది కంప్యూటర్లు చేసి యమ్ము పని. వైరమేమియు పైకి కానరాదు. కాని గూగుల్‌వారు 2005లోనే ఆండ్రాయిడ్ అను చిన్న సంస్థను కొని యుంచిరి. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఐఫోనును లోకమునకు చూపిన సభలో ష్మిట్ వేదిక యెక్కి అభినందించెను. ఆ నవంబరులోనే ఆండ్రాయిడ్ సంగతి బయటపడెను. మరుసటి యేడు ఆ ఫోను అంగడికి వచ్చెను. ఆయన బోర్డునుండి దిగలేదు. ఐఫోను ప్రసంగము వచ్చినప్పుడు గదినుండి లేచిపోవుచుండెను. 2009 మే నెలలో ప్రభుత్వపు విచారణ మొదలైనదని వార్త పొక్కినప్పుడు, ఆపిల్ తమకు ముఖ్యమైన పోటీదారు కాదని చెప్పెను. జూలైలో గూగుల్‌వారు కంప్యూటర్లను నడపు వ్యవస్థనుగూడ ప్రకటించిరి. ఆగస్టు 3వ తేదీన రాజీనామా. ఇకమీదట సమావేశములలో మరింత పెద్దభాగమునకు ఆయన లేచిపోవలసి యుండును గాన ఆయనవలన ప్రయోజనము తగ్గునని జాబ్స్ కారణము చెప్పెను. రెండు బోర్డులలోను ఉండిన ఆర్థర్ లెవిన్సన్ ఆ అక్టోబరులో గూగుల్ బోర్డును విడిచెను.

గదినుండి లేచిపోవుట యను ఈ ఆచారమును పెద్దలు గొప్ప మందుగా చెప్పుదురు. మాకు నమ్మకము కలుగలేదు. తెలిసిన సంగతిని చెప్పులవలె గుమ్మమునొద్ద విడిచి వచ్చుట యెవరి తరము? వెనుకటి సమావేశమున విన్నది ఈ సమావేశమున మరచుట యెట్లు? అదిగాక, కంపెనీ బ్రతుకంతయు ఏ వస్తువుపై ఆధారపడియున్నదో ఆ వస్తువు మాట రాగానే లేచిపోవు డైరెక్టరు దేనికి? ముహూర్తసమయమునకు లేచిపోవు పురోహితుని ఎవరు పిలుతురు?

అయినను, లోకమునకు కలిగిన నష్టము ఇక్కడ లేదని మా యభిప్రాయము. ఇద్దరు వర్తకులు ఒకరి రహస్యము నొకరు లాగుకొన్నచో అది వారి తగవు. వారు స్నేహించినప్పుడే మూడవవాడు భయపడవలెను.

2010 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ ఆరు కంపెనీలపై దావా వేసి, అదే సమయమున రాజీపడెను. ఒకరి ఉద్యోగులను మరొకరు పిలిచి కొలువు చూపరాదని వారు లోలోపల ఒప్పుకొనిరని ఆరోపణ. ఆ జంటలను చూడుడు. ఆపిల్‌తో గూగుల్, ష్మిట్ ఆపిల్ బోర్డువాడు. గూగుల్‌తో ఇంటెల్, ఇంటెల్ ముఖ్యాధికారి పాల్ ఒటెలిని గూగుల్ బోర్డువాడు. గూగుల్‌తో ఇన్‌ట్యూట్, దాని అధ్యక్షుడు బిల్ క్యాంబెల్ ఆపిల్ బోర్డువాడు, గూగుల్‌కు ఆలోచన చెప్పువాడు. కుర్చీ స్నేహమే ఒప్పందమునకు కారణమని న్యాయస్థానము తేల్చలేదు. కాని కుర్చీలును ఒప్పందములును ఇంత చక్కగా జతపడుట చూచి ఊరకుండుట కష్టము.

కోర్టుకు చేరిన కాగితములలో 2007 మార్చి నాటి ఉత్తరములు కలవు. గూగుల్ నియామకోద్యోగి యొకరు తమ యింజనీరును పిలిచిరని, అది మానిన సంతోషింతునని జాబ్స్ ష్మిట్‌కు వ్రాసెను. ష్మిట్ దానిని తనవారికి పంపెను. పిలిచిన ఆ ఉద్యోగిని గంటలోగా తొలగింతుమని జవాబు వచ్చెను. ఆ మాట చేరినప్పుడు జాబ్స్ తనవారికి పంపినది ఒక నవ్వుమొగము గుర్తు మాత్రమే. తన పని తాను చేసిన యొక చిన్న కొలువు ఇట్లు ఎగిరిపోయెను.

సుమారు 64,000 మంది ఉద్యోగులు కలసి వ్యాజ్యము నడపగా, ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబ్ కంపెనీలు తప్పొప్పుకొనకయే 41 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చుటకు 2015లో న్యాయస్థానము సమ్మతించెను. ప్లీడర్ల ఖర్చులు తీయక పూర్వమే తలకు ఆరున్నర వేలకు మించదు. ఒక్క పిలుపు వచ్చి యుండిన జీతమెంత పెరిగెడిదో! మన యిండ్లనుండి వెళ్లి ఆ ప్రాంతమున కొలువు చేయుచున్న బిడ్డలు ఎందరో కలరు. కావున ఇది పరులగోడు కాదు.

మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము ఒకనికి 20 కంపెనీల వరకు, అందు పబ్లిక్ కంపెనీలు 10కి మించకుండ, డైరెక్టరు పదవులు అనుమతించినది. తన ప్రయోజనము కంపెనీ ప్రయోజనముతో విరోధించు స్థితిలో పడరాదనియు, ఇతర కంపెనీలతో తనకు గల సంబంధమును వెల్లడింపవలెననియు ఆదేశించినది. పోటీ కంపెనీల బోర్డులలో ఒక్కడే కూర్చుండరాదని క్లేటన్ చట్టమువలె సూటిగా అనలేదు.

అట్లయినను మన చేత ఉపాయమొకటి యున్నది. నేడు మధ్యతరగతి యిండ్లలో సయితము వాటాలు కొనుచున్నారు. వాటాదార్లకు ఏటేట నివేదిక వచ్చును. అందలి రంగుబొమ్మలను దాటి పోయినచో, ఏ డైరెక్టరు మరి యే కంపెనీలలో కూర్చున్నాడో తెలుపు పట్టిక యుండును. లాభముల పుటకంటె ముందు దానిని చదువుడు. ఆ రెండవ కంపెనీ మీ కంపెనీ యమ్ము వస్తువునే అమ్ముచున్నదా, ఆ కంపెనీవారు మీవారి పనివాండ్రనే వెదకుచున్నారా అని సర్వసభ్యసమావేశమున ఒక్కరు లేచి అడిగినను చాలును. జవాబు చెప్పవలసినవాడు ఆ సమయమున గదినుండి లేచిపోజాలడు.