మీ చేతి బిళ్ళ మీద ఏం రాయించాలి?

మీరెప్పుడైనా తిరుమల కొండకు నడిచి వెళ్ళారా? అలిపిరి పాదాల మండపం దగ్గర బయలుదేరితే 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దారి. తెల్లవారుజామున ఆ మెట్లు చూసి తీరాలి. మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ వంగి వంగి ఎక్కే ఆడవాళ్ళు, చంటిపిల్లల్ని భుజాన వేసుకున్న తండ్రులు, కర్పూరం వాసన, తెలుగూ తమిళమూ కన్నడమూ కలగలిసిన గోవింద నామాలు. నడిచేవారికి బరువు లేకుండా దేవస్థానంవారు సంచులను కిందనే తీసుకుని, ఉచితంగా వాహనంలో పైకి చేరుస్తారు. చాలా మంచి ఏర్పాటు. అయితే ఆ సంచిలోనే మీ మందులూ, డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా వెళ్ళిపోతున్నాయని ఎప్పుడైనా గమనించారా?

నేను 2014లో గమనించవలసి వచ్చింది.

గాలిగోపురం ఇంకా కొద్ది దూరం ఉందనగా, మెట్ల పక్క గోడకు ఆనుకుని ఒక పెద్దాయన కనిపించారు. అరవై ఏళ్ళుంటాయి. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. పేరు అడిగితే పొంతన లేని మాటేదో చెబుతున్నారు. చుట్టూ పదిమంది మూగారు. ఒకరు "బీపీ పెరిగింది" అన్నారు. ఇంకొకరు "మూర్ఛలా ఉంది, చేతిలో తాళాలు పెట్టండి" అన్నారు. మరొకాయన గొంతు తగ్గించి "తాగి ఎక్కినట్టున్నాడు" అన్నారు.

డాక్టర్నని చెప్పి ముందుకు వెళ్ళాను. జేబులు చూస్తే చేతిరుమాలు, దువ్వెన, కాస్త చిల్లర. ఫోను లేదు. కుడి మణికట్టున ఒక ఎర్రదారం, ఒక నల్లదారం, ఒక రాగి కడియం. ఆయన భక్తి ఎంతటిదో ఆ మూడూ చెప్పాయి గాని, జబ్బేమిటో ఒక్కటీ చెప్పలేదు.

రక్తంలో చక్కెర పడిపోయిందని ఊహించాను. ఊహే సుమండీ! చెమట గుండెపోటులోనూ పోస్తుంది, మాట పక్షవాతంలోనూ తడబడుతుంది. అదృష్టవశాత్తూ ఆయన ఇంకా మింగగలుగుతున్నారు. పక్క కొట్టులో చక్కెర అడిగి, నాలుగు చెంచాలు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టించాం. పావుగంటకు ఆయన కళ్ళు తేటపడ్డాయి. "మా అబ్బాయేడీ?" అన్నారు.

ముందు నడిచి వెళ్ళిపోయిన కొడుకు కంగారుగా వెనక్కి దిగి వచ్చాడు. "నాన్నగారు పొద్దున్నే ఇన్సులిన్ వేసుకున్నారండీ. దర్శనమయ్యే దాకా ఏమీ తిననని మొక్కు" అన్నాడు. ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్ళింది, తిండి వెళ్ళలేదు. పైగా రెండువేల మెట్లు!

నేను కాస్త ఆలస్యంగా వెళ్ళి ఉంటే ఆయనకు స్పృహ ఉండేది కాదు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి కబురు చేయాలి. అదే "ఇన్సులిన్" అనే ఒక్క మాట ఆ మణికట్టు మీద ఉండి ఉంటే? డాక్టరు కోసం ఎదురుచూడనక్కర లేదు, ఆ కొట్టు యజమానే చక్కెర పట్టించి ఉండేవాడు.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని టర్లాక్ అనే ఊళ్ళో, 1953లో ఒక డాక్టరుగారి కూతురి వేలు తెగింది. ధనుర్వాతం రాకుండా ఇచ్చే సీరం పడుతుందో లేదో చూద్దామని చేసిన చిన్న పరీక్షకే ఆ పిల్లకు ప్రాణం మీదికి వచ్చింది. ఎలాగో బతికి బయటపడింది. మళ్ళీ ఎక్కడైనా, ఎవరైనా తెలియక అదే ఇంజక్షను ఇస్తే? ఆ భయంతో కాలిన్స్ దంపతులు కూతురి చేతికి ఆ సంగతి చెక్కిన గొలుసు చేయించారు. 1956లో అదే మెడిక్ ఎలర్ట్ అనే సంస్థగా మారింది.

ఇక నా సంగతి. మూడేళ్ళ క్రితం నాకే గుండె లయ తప్పే జబ్బు వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. మళ్ళీ కొండకు బయలుదేరుతుంటే మా ఆవిడ "ఊరందరికీ చెబుతారు గదా, మీ చేతికేదీ?" అని అడిగింది. నిజం చెప్పొద్దూ, సిగ్గనిపించింది. డాక్టరు చేతికి రోగి బిళ్ళా? ఆ సిగ్గుతోనే ఏడాదిపాటు వాయిదా వేశానని అప్పుడు తెలిసింది.

తిరుపతిలో దిగి, గోవిందరాజస్వామి గుడి దగ్గర వీధిలో, స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే అతని దగ్గరకు గొలుసూ బిళ్ళా పట్టుకుని వెళ్ళాను. నా కాగితంలో పదకొండు సంగతులున్నాయి: పేరు, చిరునామా, బ్లడ్ గ్రూపు, రక్తపుపోటు, మాత్రల పేర్లు మోతాదులతో సహా, ఎప్పుడో చేయించుకున్న ఎపెండిసైటిస్ ఆపరేషనుతో కలిపి. అతను బిళ్ళనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇదంతా రాస్తే అక్షరాలు చీమల మాదిరి ఉంటాయి సార్. చదివేవాళ్ళు భూతద్దం తెచ్చుకోవాల. ముఖ్యమైంది చెప్పండి, అది రాస్తా."

అతను చదివింది వైద్యం కాదు గాని, చెప్పింది వైద్యమే. ఆ కొట్టు అరుగు మీదే కూర్చుని ఒక్కొక్కటే కొట్టివేశాను.

బ్లడ్ గ్రూపు: అందరూ ముందుగా రాయించేది ఇదే. కాని బిళ్ళ చూసి ఏ ఆస్పత్రిలోనూ రక్తం ఎక్కించరు. మీ రక్తం తీసి పరీక్షించి, దాత రక్తంతో సరిచూసిన తరువాతే ఎక్కిస్తారు. రక్తపుపోటు: కొలిస్తే తెలుస్తుంది. పాత ఆపరేషను: మచ్చే చెబుతుంది. మాత్రల మోతాదులు: నెలనెలా మారవచ్చు, చెక్కిన అక్షరం మారదు. వాటిని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. చిరునామా: ఫోను నంబరుంటే అక్కర లేదు.

మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. "నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఈ సంగతి తెలియక నాకు వైద్యం చేసేవారు పొరపాటు చేస్తారా?" అవునంటే ఉంచండి, కాదంటే తీసివేయండి.

ఆ ప్రశ్నకు నా పదకొండులో నిలిచినవి రెండే. వార్ఫరిన్ వేసుకునేవాడు మెట్ల మీద జారి తలకు దెబ్బ తగిలించుకుంటే, పైకి గాయం లేకపోయినా లోపల రక్తం కారవచ్చు. వెంటనే స్కానింగుకు పంపాలి. రెండోది పెన్సిలిన్. చదువుకునే రోజుల్లో ఆ ఇంజక్షనుకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడలేదు.

మీ విషయంలో ఇవి కావచ్చు: ఇన్సులిన్, మూర్ఛ జబ్బు, పేస్‌మేకర్, హీమోఫిలియా, ఏళ్ళ తరబడి వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలు. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా పెట్టించుకున్నవారు "ఈ చేతికి సూదీ బీపీ వద్దు" అని రాయించుకోవాలి. వట్టి "షుగరు" అని కాక "ఇన్సులిన్" అని రాయిస్తే, చక్కెర పడిపోయే ప్రమాదముందని చదివినవారికి తడుతుంది. ఎలర్జీ దగ్గర జాగ్రత్త! ఏదో మాత్రకు కడుపులో మంట పుడితే అది ఎలర్జీ కాదు. అలా రాయిస్తే, అవసరమైన రోజున మంచి మందు మీకు అందకుండా పోతుంది. మీ డాక్టరుతో సరిచూసుకున్నాకే చెక్కించండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాయిస్తే ఏ రాష్ట్రంలోనైనా చదువుతారు.

చివరగా ఫోను నంబరు. మీ నంబరు కాదు. మీతో క్యూలో నిలబడేవారిది కూడా కాదు. తిరుమలలో దర్శనానికి వెళ్ళేటప్పుడు ఫోన్లు అప్పగించి వెళ్ళాలి గదా! ఇంటి దగ్గర ఉండి, మీ జబ్బు సంగతి తెలిసి, ఫోను ఎత్తే మనిషి నంబరు ఇవ్వండి. ఆ మనిషికి ముందుగా చెప్పి ఉంచండి.

ఈసారి నేను బస్సులోనే కొండెక్కాను. గుండె జబ్బున్నవారు నడిచి రావద్దని దేవస్థానంవారు చెబుతున్నదే. క్యూలో సంచీ లేదు, ఫోను లేదు, చీటీ లేదు. చేతికి మాత్రం మూడు వరుసల బిళ్ళ ఉంది. సిగ్గనిపించలేదు.

మీరు ఏ యాత్రకు వెళుతున్నా సరే, ఈ రాత్రే ఒక కాగితం తీసుకుని మీ సంగతులన్నీ రాయండి. తరువాత మూడు వరుసలు మిగిలేదాకా కొట్టివేయండి. ఆ మిగిలినవే మీ చేతి మీద ఉండాలి.