ఊపిరి సాధన

ఊపిరి పీల్చి విడుచుట నేర్వవలసిన విద్య యని మనలో నెవరు తలంతురు? విజయనగరమున మా యత్తగారు తమ యేబది యెనిమిదవ యేట నా విద్యకు ఓనమాలు దిద్దవలసివచ్చెను. ఆమె కుడి యూపిరితిత్తిలో, మన పెద్దలు రాచపుండని పిలిచెడు క్యాన్సరు కానవచ్చినది. ఆమె చుట్ట ముట్టి యెరుగరు. మన తీరమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు గలరు. అది అంగిటి క్యాన్సరునకు కారణము. కాని పొగ త్రాగని వారికిని ఊపిరితిత్తుల క్యాన్సరు రావచ్చును. కట్టెల పొయ్యి పొగయు, ఇంటిలో నితరులు కాల్చు పొగయు హానికరములే. కనుక రోగిని నిందించుట తగదు.

కుడి యూపిరితిత్తికి మూడు తమ్మెలు, అనగా భాగములు, ఎడమదానికి రెండు. వ్యాధి సోకిన తమ్మెను కోసి తీసిన పిదప తక్కినవి చక్కగా విప్పారవలయును. నొప్పికి వెరచి పైపైన ఊపిరి తీసినచో కఫము అడుగున నిలిచి న్యుమోనియాకు దారితీయును. అందువలన విశాఖపట్టణపు వైద్యులు శస్త్రచికిత్సకు రెండు వారములు ముందుగనే సాధన మొదలిడిరి.

ఒక చేయి పొట్టపై నుంచుకొని, అది పైకి లేచునట్లు ముక్కుతో మెల్లగా పీల్చి, వేడి యంబలి చల్లార్చునట్లు పెదవులు సన్నము చేసి, పీల్చినదానికి రెట్టింపు కాలము విడువవలయును. మూడు బంతులు గల చిన్న పరికర మొకటి యిచ్చిరి. దానిలోనికి ఊదరాదు, గొట్టమునుండి నెమ్మదిగా పీల్చినచో బంతులు లేచును. మేలుకొని యున్నంతసేపు గంటకు పదిమారులు చేయుమనిరి. దగ్గవలసివచ్చినపుడు కుట్లపై తలగడ గట్టిగా నదుముకొనవలయును.

ఇల్లు చేరగనే చూడవచ్చిన ముత్తైదువలు, “పచ్చి యొడలు, కదలనీయకుము” అనిరి. అత్తగారును కుట్లు తెగునేమో యని భయపడిరి. వైద్యులు చెప్పిన నొప్పిమాత్ర ముందిచ్చి, అది పనిచేయ నారంభించిన పిదప సాధన చేయించితిని. కోసినవైపు భుజము బిగిసిపోకుండ గోడపై వ్రేళ్లు ప్రాకించి, అందినచోట దినమున కొక పసుపుబొట్టు పెట్టించితిని. బొట్లు పైకెక్కిన కొలది యామెకు ధైర్యము కలిగెను. కొన్ని వారములకు పెద్దచెరువు గట్టున, మాటలాడుచు నడువగల వేగముతో, నడక సాగినది.

మా చినమామగారు కోడి రామమూర్తినాయుడుగారి నుదాహరించి కుంభకము చేయింపుమనిరి. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులై, 1942లో కీర్తిశేషులైన యా మల్లయోధులు రొమ్మునకు చుట్టిన యినుపగొలుసును ఊపిరి పూరించి తెంపెడివారు. వైద్యుల నడుగగా, తమ యనుమతి లేక ఊపిరి బిగబట్టరాదనిరి. ఆ వీరునికి బిగించుట బలము; మా యత్తగారికి మెల్లగా విడుచుటయే బలము.

ఆమె నిరాశపడిన దినమున నొక వృత్తాంతము చెప్పితిని. 1933లో అమెరికాలోని సెయింట్ లూయీలో ఎవార్ట్స్ గ్రహాము అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన యొకరి యెడమ యూపిరితిత్తిని పూర్తిగా తీసివేసెను. ఆ రోగియు వైద్యుడే. ఆయన మిగిలిన యొక్కదానితో 1963 వరకు జీవించెను. “నాకు ఒకటిన్నరకు పైగా నున్నదిగదా!” యని యత్తగారు నవ్విరి.

జ్వరము వచ్చినను, ఆయాసము హెచ్చినను, కఫమున నెత్తురు కనబడినను, ఒక కాలు వాచినను సాధన ఆపి వెంటనే వైద్యుని చూడవలయును.

మన యిండ్లలో పురుషుడు జబ్బుపడిన నలుగురు చుట్టుచేరుదురు. ఇల్లాలు పడిన, మంచము దిగగనే పొయ్యివద్దకు పంపుదురు. ఔషధములు కొనుటతో మన బాధ్యత తీరదు. పూటకు పది నిమిషములు ప్రక్కన కూర్చుండి, ఆమె యూపిరులు లెక్కించువా రొకరుండవలయును. ఆ పని కోడలే చేయనక్కరలేదు, కుమారుడును చేయవచ్చును.