వేలిముద్ర ఒప్పుకోలు కాదు

మేము బడిలో పాఠం చెప్పేవాళ్లం. ఆస్పత్రి మా పని కాదు. అయినా గూడెంలో ఎవరికి జబ్బు చేసినా, కాగితం చదవగలరని మమ్మల్ని వెంట తీసుకుపోతారు.

అలా వెళ్లినప్పుడల్లా ఒకటి గమనిస్తాం. నర్సమ్మ కాగితం చాపి "ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటుంది. అందులో ఏం రాసి ఉందో చెప్పేవాళ్లుండరు. "అర్థమైందా?" అని తెలుగులో అడిగితే మా అవ్వలు "ఊఁ" అంటారు. మా కోయ ఇళ్లలో ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం మర్యాద. వింటున్నామని దాని అర్థం. ఒప్పుకున్నామని కాదు.

నర్సును తప్పుపట్టడం తేలిక. రాత్రి డ్యూటీలో ఒక్కతే వార్డంతా చూసుకోవాలి. సెలైన్లు మార్చాలి, ఇంజక్షన్లు ఇవ్వాలి, కేసు షీట్లు రాయాలి, డాక్టరు వచ్చేలోపు సంతకం తేవాలి. ఆ తొందరలో మనిషి కనపడదు, కాగితంలో ఖాళీ గడి కనపడుతుంది.

ఆ గడి ఎవరు నింపినా చాలనుకుంటే ఏమవుతుందో మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో చూశాం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లని అందులో ఉంది. టీకా చెడ్డదని మేము అనడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఎన్నో దేశాల్లో దాన్ని వేస్తున్నారు. మంచి మందైనా తల్లిదండ్రులకు చెప్పి, అడిగి వేయాలి. అక్కడ అడగలేదు.

మా బడిలో చదివి జీఎన్ఎం చేసిన అమ్మాయి ఒకతె ఇప్పుడు స్టాఫ్ నర్సు. కాన్పయిన ఒక తల్లికి కాపర్-టి వేయాలి, వేలిముద్ర తెమ్మన్నారట. ఈ పిల్ల వేలు పట్టుకోకుండా కోయలో అడిగింది, "నీకు ఏం చేస్తారో నువ్వు చెప్పు" అని. "రక్తం ఆగడానికి సూది" అందట ఆ తల్లి. పిల్ల కూర్చుని మొత్తం వివరించింది. విన్నాక ఆ తల్లి, ఇప్పుడు వద్దు, ఇంటికెళ్లి మాట్లాడుకుని వస్తానంది. ఆలస్యం చేశావని పైవాళ్లు పిల్లను నలుగురిలో తిట్టారు. సెలవుకి వచ్చినప్పుడు మమ్మల్ని అడిగింది, "సార్, నేను చేసింది తప్పా?"

తప్పు కాదన్నాం. రోగికి సరిపడా సమాచారం, ఆమెకు అర్థమయ్యే తీరులో అందేలా చూడాలని అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళే చెబుతుంది. మొదటి నియమావళి వచ్చింది 1953లో. అంటే ఆ పిల్ల చేసింది భాషాభిమానం కాదు, ఉద్యోగ ధర్మం. అయితే తిట్లు తిన్నది ఆమె ఒక్కతే. ఆమె పక్కన నిలబడేవాళ్లు లేకపోతే రెండోసారి, మూడోసారి అడిగే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఇప్పుడు సికిల్‌సెల్ పరీక్షలని హాస్టళ్లకు వస్తున్నారు. రానివ్వండి, అవసరమే. కానీ తల్లిదండ్రుల బదులు మీరు సంతకం పెట్టొద్దు. గూడేనికి కబురు పంపండి, వాళ్ల భాషలో చెప్పించండి. ఫలితం వచ్చాక తరగతిలో పేర్లు చదవొద్దు. ఆ పిల్ల పెళ్లి మాటల్లో అది ఎన్నేళ్ల తర్వాతైనా తిరిగొస్తుంది.

నర్సింగ్‌కి వెళ్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఇంకో మాట. "అర్థమైందా?" అని అడక్కండి. "ఏం అర్థమైందో చెప్పు" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఇంకు ప్యాడ్ మూత తీయకండి.